టామ్ కిట్: కేబినెట్ హోదా లేకుండా 14 ఏళ్లు మంత్రిగా పనిచేసిన వ్యక్తిని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: వశిష్ఠ తీరం (పాలకొల్లు)

సభ్యులందరికీ నమస్కారం. మా నరసాపురం పార్లమెంటు సభ్యులు భూపతిరాజు శ్రీనివాసవర్మ గారికి 2024లో కేంద్రంలో భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖల సహాయ మంత్రి పదవి వచ్చిన నాటినుంచి మా ఊళ్లో ఒక వాదన తెగడం లేదు. సహాయ మంత్రి అంటే పేరుకు మంత్రే గాని చేతిలో ఏమీ ఉండదని ఒకరంటారు, ఢిల్లీలో మన మాట వినే మనిషి ఒకరున్నా చాలునని ఇంకొకరంటారు. అంతకుముందు కృష్ణంరాజు గారు వాజపేయి ప్రభుత్వంలో సహాయ మంత్రిగా ఉన్నప్పుడూ, కాకినాడ పళ్లంరాజు గారు 2006 నుంచి 2012 వరకు రక్షణ శాఖ సహాయ మంత్రిగా ఉన్నప్పుడూ పెద్దలు ఇవే మాటలు అనుకున్నారట.

ఇక్కడి మనుషుల గురించి మాట్లాడితే వెంటనే పార్టీల గొడవ మొదలవుతుంది కనుక, మా గ్రంథాలయంలో జరిగే నెలవారీ సమావేశానికి నేను దూరదేశపు ఉదాహరణ ఒకటి తీసుకుని వ్యాసం సిద్ధం చేస్తున్నాను. ఐర్లండ్‌లో ఫియానా ఫాయిల్ పార్టీకి చెందిన టామ్ కిట్ 1987లో డబ్లిన్ సౌత్ నియోజకవర్గం నుంచి దిగువ సభకు తొలిసారి ఎన్నికై, 2011 వరకు సభ్యుడిగా కొనసాగారు. 1992లో ఆల్బర్ట్ రేనాల్డ్స్ ప్రభుత్వంలో సహాయ మంత్రి అయ్యారు. 1993, 94లలో యూరప్ వ్యవహారాలు చూశారు. పార్టీ తిరిగి అధికారంలోకి వచ్చిన 1997 నుంచి 2002 వరకు కార్మిక వ్యవహారాలు, వినియోగదారుల హక్కులు, అంతర్జాతీయ వాణిజ్యం, 2002 నుంచి 2004 వరకు విదేశాంగ శాఖలో పేద దేశాలకు సాయం, మానవ హక్కులు, 2004 నుంచి 2008 వరకు ప్రభుత్వ చీఫ్ విప్ పదవి నిర్వహించారు. అన్నీ కలిపితే దాదాపు 14 ఏళ్లు. ఇంత కాలంలో ఒక్కసారి కూడా పూర్తి స్థాయి మంత్రి కాలేదు.

నాకు తెలియవలసినవి ఇవి. ఇంత అనుభవం ఉన్న మనిషికి కేబినెట్ ఎందుకు దక్కలేదు? అక్కడి సహాయ మంత్రికి చట్టపరంగా ఏ అధికారం ఉంటుంది? చీఫ్ విప్ మంత్రివర్గ సమావేశాల్లో కూర్చుంటారని చదివాను, అటువంటప్పుడు ఆయనను కేబినెట్ మంత్రి అని రాయవచ్చా?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు (భీమవరం)

వశిష్ఠ తీరం గారూ, మీ మొదటి ప్రశ్నకు సమాధానాన్ని కిట్ శక్తిసామర్థ్యాల్లో వెతికే ముందు అంకెల్లో వెతకాలి. 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వంలో, అంటే కేబినెట్‌లో, 7 మందికి తగ్గకుండా, 15 మందికి మించకుండా సభ్యులు ఉండాలి. ప్రధాని, ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి కూడా ఆ 15 మందిలోనే లెక్క. సంకీర్ణంలో భాగస్వాముల వాటా పోగా మిగిలిన కుర్చీలను పార్టీలోని వర్గాలకు, ప్రాంతాలకు, పాత కాపులకు, కొత్త ముఖాలకు సర్దవలసి ఉంటుంది. మన దగ్గర 2003లో వచ్చిన 91వ సవరణ మొత్తం మంత్రుల సంఖ్యను సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది గాని, అందులో కేబినెట్ హోదా ఎందరికి ఇవ్వాలో చెప్పలేదు. ప్రధాని తలచుకుంటే సహాయ మంత్రిని ఎప్పుడైనా పైకి తీయవచ్చు. పళ్లంరాజు గారికి 2012లో మానవ వనరుల శాఖ కేబినెట్ హోదాతో వచ్చింది అలాగే. ఐర్లండ్‌లో మాత్రం ఒకరు లేస్తే తప్ప మరొకరు కూర్చోలేరు.

దీనికి తోడు కిట్ నియోజకవర్గం సంగతి ఉంది. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు మొదలుకొని ఐదుగురి వరకు ఎన్నికవుతారు. ఓటరు మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో చేసినట్లే బ్యాలెట్ మీద 1, 2, 3 అంటూ ప్రాధాన్యం రాస్తాడు. డబ్లిన్ సౌత్ ఐదు స్థానాల నియోజకవర్గం. అందులో ఫియానా ఫాయిల్ తరఫున కిట్‌తో పాటు గెలుస్తూ వచ్చినవారు షేమస్ బ్రెనన్. ఆయన 1981 నుంచి సభలో ఉన్నవారు, కిట్ కంటే సీనియరు, పలుమార్లు కేబినెట్ మంత్రి. ఇద్దరూ గాల్వే ప్రాంతం నుంచి రాజధానికి వచ్చి స్థిరపడినవారే కావడం విశేషం. ఒకే పార్టీ, ఒకే నియోజకవర్గం, అందులో ఒకరు ఇప్పటికే మంత్రివర్గంలో ఉండగా రెండో మనిషికి కూడా పెద్దపీట వేస్తే కుర్చీ దక్కని మిగతా జిల్లాల వారు ఊరుకుంటారా? 2007 ఎన్నికల తరువాత పరిస్థితి ఇంకా బిగుసుకుంది. గ్రీన్ పార్టీ సంకీర్ణంలో చేరడంతో అదే డబ్లిన్ సౌత్ నుంచి గెలిచిన ఎమన్ రయన్ కూడా కేబినెట్‌లోకి వచ్చారు. ఒక్క నియోజకవర్గానికి ఇద్దరు పూర్తి మంత్రులు, ఒక చీఫ్ విప్. మన కోనసీమకు అలాంటి యోగం పడితే పక్క జిల్లాల వారు ఏమనేవారో ఊహించుకోండి.

2008 మేలో బ్రయాన్ కవెన్ ప్రధాని అయ్యారు. అనారోగ్యం కారణంగా బ్రెనన్ తప్పుకున్నారు, అంటే ఇన్నాళ్లూ ఎదురున్న అడ్డు తొలగింది. అయినా కిట్‌కు పిలుపు రాలేదు. ఆయన చీఫ్ విప్ పదవి విడిచి, ఇక ఎన్నికల్లో పోటీ చేయనని ప్రకటించారు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో నిజమైన నిరాశ ఇది ఒక్కటే. అంతకుముందు దక్కకపోవడానికి కారణాలు చెప్పుకోవచ్చు, 2008కి మాత్రం అంకెల సాకు సరిపోదు.

ఇక చట్టం సంగతి. 1924 నాటి మంత్రులు, కార్యదర్శుల చట్టంతో అక్కడ పార్లమెంటరీ కార్యదర్శి పదవులు పుట్టాయి. 1977లో చేసిన సవరణ చట్టం వాటిని తీసివేసి వాటి స్థానంలో సహాయ మంత్రి పదవిని పెట్టింది. మొదట గరిష్ఠ సంఖ్య 10. అది 1980లో 15కు, 1995లో 17కు, 2007లో 20కి, తాజాగా 2025లో 23కు చేరింది. కేబినెట్ సంఖ్య రాజ్యాంగంలో బిగించి ఉంది కనుక ఆశావహుల ఒత్తిడి అంతా ఈ రెండో అంతస్తు మీద పడిందని ఈ పెరుగుదలే చెబుతోంది.

వీరిని ప్రధాని సూచన మీద ప్రభుత్వం నియమిస్తుంది. రాష్ట్రపతి ఎదుట ప్రమాణం చేయించే మన పద్ధతి అక్కడ లేదు. మనకున్న స్వతంత్ర హోదా కూడా అక్కడ లేదు, ప్రతి శాఖకూ పైన పూర్తి మంత్రి ఒకరు ఉండి తీరాలి. అయితే మన దగ్గర కనిపించని మంచి సంప్రదాయం ఒకటి అక్కడ ఉంది. మంత్రి కోరితే, ఫలానా చట్టం కింద ఫలానా అధికారాలను ఈ సహాయ మంత్రికి అప్పగిస్తున్నామని ప్రభుత్వం రాతపూర్వక ఉత్తర్వు జారీ చేస్తుంది. ఆ ఉత్తర్వు ఉన్నంత మేరకు సహాయ మంత్రి సంతకం మంత్రి సంతకంతో సమానం. కాకపోతే అదే అధికారం మంత్రి దగ్గర కూడా ఉంటుంది, పర్యవేక్షణ ఆయనదే, సభకు జవాబుదారీ కూడా ఆయనే. కాబట్టి ఐర్లండ్ సహాయ మంత్రిని అంచనా వేయదలచినవారు ముందు ఆయన హోదాను పక్కన పెట్టి, ఆయన పేరున వచ్చిన ఉత్తర్వులో ఏ చట్టాలు ఉన్నాయో చూడాలి.

జవాబు: ఆచంట ఆడపడుచు (ప్రస్తుతం డబ్లిన్)

మాస్టారు చట్టం చెప్పారు కనుక నేను పని గురించి చెబుతాను. నేను ఉండేది డండ్రమ్‌లో. ఒకప్పటి డబ్లిన్ సౌత్‌లోని భాగమే ఇది.

అక్కడి దిగువ సభలో స్థానిక సమస్యల మీద చిన్న చర్చలు జరుగుతాయి. ఒక సభ్యుడు తన ఊరి బడి కప్పు గురించో, ఆసుపత్రి వార్డు గురించో కొద్ది నిమిషాలు మాట్లాడతాడు. ప్రభుత్వం తరఫున జవాబు చెప్పడానికి సంబంధిత మంత్రి రావడం అరుదు. ఎవరో ఒక సహాయ మంత్రి వచ్చి, తనది కాని శాఖ అధికారులు టైపు చేసి పంపిన కాగితాన్ని దాదాపు ఖాళీ సభలో చదివి వినిపిస్తాడు. ప్రశ్న అడిగినవారికి తెలుసు, చదివేవారికి తెలుసు, ఆ కాగితంలో లేని ముక్క ఒక్కటి కూడా ఆయన హామీ ఇవ్వలేడని. ఈ చాకిరీ చూసినవారే సహాయ మంత్రి పదవిని చులకన చేస్తారు.

అయితే బిల్లును కమిటీలో ఖండిక వెంట ఖండికగా నడిపించేటప్పుడు వ్యవహారం వేరుగా ఉంటుంది. పక్కన ఇద్దరు ముగ్గురు అధికారులను కూర్చోబెట్టుకుని, ప్రతిపక్షం ప్రతిపాదించిన సవరణల్లో దేనిని ఒప్పుకోవాలో, దేనిని తోసిపుచ్చాలో అప్పటికప్పుడు కారణంతో సహా చెప్పవలసి ఉంటుంది. అక్కడ చట్టం తెలియని మనిషి నిలవలేడు.

కిట్ కార్మిక వ్యవహారాలు చూసిన ఐదేళ్లలో ఆ శాఖ నుంచి వచ్చిన చట్టాలను గమనించండి. 2000 ఏప్రిల్ 1 నుంచి దేశవ్యాప్త కనీస వేతనం అమల్లోకి వచ్చింది. గంటకు 4.40 ఐరిష్ పౌండ్లు. ఆ దేశ చరిత్రలో అన్ని రంగాలకూ వర్తించే కనీస వేతనం అదే మొదటిది. 2001లో పార్ట్ టైం ఉద్యోగుల రక్షణ చట్టం వచ్చింది. పూర్తికాలం ఉద్యోగికి ఇచ్చే షరతుల కంటే తక్కువ షరతులు పార్ట్ టైం వారికి పెట్టకూడదని దాని సారాంశం. అదే ఏడాది సంరక్షకుల సెలవు చట్టం వచ్చింది. ఇంట్లో నిరంతర సంరక్షణ అవసరమైన మనిషి ఉంటే, ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా మొదట్లో 65 వారాల వరకు, 2006 తరువాత 104 వారాల వరకు జీతం లేని సెలవు పెట్టుకోవచ్చు. మా పనిచోట ఒకామె పక్షవాతం వచ్చిన తల్లిని చూసుకోవడానికి ఈ సెలవు మీదే వెళ్లి, తిరిగి తన బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది. ఆ సెలవు ఎప్పుడు, ఎవరి కాలంలో వచ్చిందని ఆమెను అడిగితే తెలియదంది.

కనీస వేతనం అనగానే ఇక్కడివారు తలచుకునేది అప్పటి ఉప ప్రధాని, ఆ శాఖ పూర్తి మంత్రి మేరీ హార్నీని. అది న్యాయమే, నిర్ణయం మంత్రివర్గానిది, ఆ శాఖ ఆమెది. ఐదేళ్లు ఆ శాఖలో కార్మికుల పక్షాన కూర్చున్న మనిషి పేరు మాత్రం ఎక్కడా వినిపించదు. సహాయ మంత్రి పదవిలో ఉన్న అసలు నష్టం అధికారం తక్కువ కావడం కాదు, చేసిన పని పైవారి పద్దులో పడటం.

జవాబు: ఏటిగట్టు (అమలాపురం)

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి దిగిపోయిన ఇంజనీరును. పై ఇద్దరూ కిట్ పట్ల కాస్త ఎక్కువ దయ చూపారని నా అభిప్రాయం.

అధికారాల అప్పగింత గురించి మాస్టారు గొప్పగా చెప్పారు. కౌశిక డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుని నీరు వెనక్కి తన్ని వరిచేలు మునుగుతుంటే, కింది స్థాయి ఇంజనీరు ఏఈ అంచనా వేసి పంపుతాడు, ఆ పై ఇంజనీరు డీఈ సరిచూస్తాడు, ఈఈ తన పరిధిలో ఉన్నంత వరకు మంజూరు చేస్తాడు. పరిధి దాటిందా, ఫైలు ఎస్ఈ దగ్గరికి, ఆ పైన సీఈ దగ్గరికి పోవలసిందే. ఈఈ ఎంత సమర్థుడైనా డబ్బు ఎక్కువ కావలసిన చోట అతని సమర్థత ఆగిపోతుంది. కిట్ పేద దేశాల సాయం చూసిన రెండేళ్లలో జరిగింది కూడా ఇదే.

2000 సెప్టెంబరులో ప్రధాని బెర్టీ అహెర్న్ ఐక్యరాజ్యసమితి వేదిక మీద ఒక మాట ఇచ్చారు. 2007 నాటికి ఐర్లండ్ తన జాతీయోత్పత్తిలో 0.7 శాతాన్ని పేద దేశాలకు సాయంగా ఇస్తుందని ఆ మాట. 2002లో ఆ బాధ్యత కిట్ మీద పడింది. ఆయన లెసోతో, టాంజానియా, జాంబియా, ఇథియోపియా, ఉగాండా, మొజాంబిక్ వంటి దేశాల్లో నడిచే కార్యక్రమాలను పర్యవేక్షించారు. 2004 మొదటి ఆరు నెలలు యూరోపియన్ యూనియన్ అధ్యక్షత ఐర్లండ్‌కు వచ్చినప్పుడు ఆ శాఖాపరమైన సమావేశాల భారం కూడా ఆయనదే అయింది. కాని 0.7 శాతానికి కావలసిన డబ్బు సహాయ మంత్రి పెట్టెలో ఉండదు, ఆర్థిక మంత్రి దగ్గర ఉంటుంది. 2004 సెప్టెంబరులో కిట్‌ను చీఫ్ విప్‌గా మార్చారు, ఆ సాయం బాధ్యత కానర్ లెనిహన్‌కు వెళ్లింది, ఆ ఏడాది ముగిసేలోపే 2007 గడువును నిలుపుకోలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. మరుసటి ఏడాది గడువును 2012కు జరిపారు. అది కూడా నెరవేరలేదు.

ఇందులో కిట్ తప్పు ఉందని నేననను. 14 ఏళ్లు అన్న అంకెను చూసి మురిసిపోవద్దంటున్నాను. యూరప్ రెండేళ్లు, కార్మికులు ఐదేళ్లు, సాయం రెండేళ్లు, విప్ నాలుగేళ్లు. ఒక్క కార్మిక వ్యవహారాల్లో తప్ప ఎక్కడా వేరూనే వ్యవధి లేదు. డ్రెయిన్ల పని తెలిసిన ఏఈని నాలుగు సెక్షన్లు తిప్పితే ప్రతి చోటా మొదటి వర్షాకాలం కాలువల పేర్లు తెలుసుకోవడంతోనే గడిచిపోతుంది.

మన డెల్టావాసులకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. ఐర్లండ్‌లో నదుల పూడికతీత, మురుగు పారుదల, వరద రక్షణ పనులను 1945 నాటి చట్టం కింద ప్రజా పనుల కార్యాలయం చూస్తుంది. దాదాపు 11,500 కిలోమీటర్ల నీటి కాలువల నిర్వహణ దాని బాధ్యత. ఆ కార్యాలయాన్ని నడిపేది ఎప్పుడూ సహాయ మంత్రే. వరద వచ్చిన మర్నాడు గమ్‌బూట్లు వేసుకుని ఊళ్లలో కనిపించేది కూడా ఆయనే. చేతిలో నిర్దిష్టమైన పని, దానికి సొంత సిబ్బంది, సొంత పద్దు ఉన్న అటువంటి సహాయ మంత్రి పదవికి విలువ ఉంది. కిట్‌కు తన జీవితంలో అటువంటిది ఒక్కటి కూడా దక్కలేదు.

వశిష్ఠ తీరం (పాలకొల్లు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏటిగట్టు గారి వాదన బలంగానే ఉంది గాని, కార్మిక చట్టాల సంగతి విన్న తరువాత నేను ఆడపడుచు గారి పక్షానికే మొగ్గుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. కిట్ కుటుంబంలో మరికొందరు కూడా సహాయ మంత్రులుగా ఉన్నారని విన్నాను. అది నిజమైతే వ్యాసంలో చేర్చాలని ఉంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు (భీమవరం)

నిజమే. తండ్రి మైకేల్ ఎఫ్. కిట్ గాల్వే ప్రాంతపు సభ్యుడు, 1970 నుంచి 1973 వరకు పార్లమెంటరీ కార్యదర్శి. ఆయన 1974 చివర మరణించగా, 1975లో జరిగిన ఉప ఎన్నికలో పెద్ద కుమారుడు మైకేల్ పి. కిట్ గెలిచారు. ఆయన 1991, 92లలో కొద్దికాలం సహాయ మంత్రి. 2007లో మళ్లీ సహాయ మంత్రి అయి, ఐదేళ్ల క్రితం తమ్ముడు టామ్ చేపట్టిన పేద దేశాల సాయం బాధ్యతనే తానూ స్వీకరించారు. అప్పటికి టామ్ చీఫ్ విప్. అంటే దాదాపు ఏడాది పాటు అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రభుత్వంలో ఒకే హోదాలో ఉన్నారు.

చెల్లెలు ఆన్యా బ్రేడీ 2007లో కిల్డేర్ నార్త్ నుంచి గెలిచారు. 2009 ఏప్రిల్‌లో, ఆర్థిక సంక్షోభం ముదిరిన రోజుల్లో, ప్రధాని కవెన్ 20 మంది సహాయ మంత్రులనూ రాజీనామా చేయమని 15 మందినే తిరిగి తీసుకున్నారు. ఆ సర్దుబాటులో అన్న మైకేల్ పదవి పోయింది, వృద్ధుల సంక్షేమం చూసే పదవి చెల్లెలికి వచ్చింది. ఇంటి నుంచి పదవి బయటకు పోలేదని మన ఊళ్లో అయితే అనేవారు. 2011 ఎన్నికల్లో ఫియానా ఫాయిల్ 20 స్థానాలకు పడిపోయినప్పుడు ఆన్యా ఓడిపోయారు, టామ్ పోటీ చేయలేదు, మైకేల్ గెలిచి 2016 వరకు ఉప సభాపతిగా ఉన్నారు. తండ్రి, ముగ్గురు బిడ్డలు, నలుగురూ రెండో అంతస్తు దాకా వచ్చినవారే, మొదటి అంతస్తు ఒక్కరికీ దక్కలేదు. కాకినాడ మల్లిపూడి వారి కుటుంబంలో తండ్రి సంజీవిరావు గారు ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఉప మంత్రిగా ఆగిపోతే, కుమారుడు పళ్లంరాజు గారు కేబినెట్ వరకు వెళ్లారు. వారసత్వం టికెట్టు తెప్పించగలదు గాని కుర్చీని తెప్పించలేదనడానికి కిట్ కుటుంబం కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

జవాబు: ఆచంట ఆడపడుచు (ప్రస్తుతం డబ్లిన్)

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను చెబుతాను. చీఫ్ విప్ మంత్రివర్గ సమావేశంలో కూర్చుంటారు. ఏ వారం ఏ బిల్లు సభకు రావాలి, ఏది ఎప్పటికి సిద్ధమవుతుంది అన్న పట్టిక ఆయన చేతిలో ఉంటుంది. విదేశాలకు వెళ్లే మంత్రికి బదులుగా ప్రతిపక్షం నుంచి ఒకరిని ఓటింగుకు దూరంగా ఉండేలా మాట్లాడి జత కుదిర్చేది కూడా ఆయన కార్యాలయమే. 2007 తరువాత నాలుగు వైపుల నుంచి మద్దతు కూడగట్టుకున్న ప్రభుత్వంలో ఇది చిన్న పని కాదు. 1994లో సంకీర్ణంలోని చిన్న పార్టీకి చెందిన సహాయ మంత్రి పాట్ రాబిట్‌తో మొదలుపెట్టి, సంకీర్ణ భాగస్వాముల కోసం మరికొందరు సహాయ మంత్రులకు కూడా ఆ గదిలో కూర్చునే వీలు కల్పిస్తూ వచ్చారు. అయినా రాజ్యాంగం ప్రకారం వీరెవరూ ప్రభుత్వ సభ్యులు కారు, వీరికి అక్కడ ఓటు లేదు. కాబట్టి మీ వ్యాసంలో టామ్ కిట్‌ను కేబినెట్ మంత్రి అని రాయకండి. మంత్రివర్గ సమావేశాలకు హాజరైన సహాయ మంత్రి అని రాస్తే సరిపోతుంది.